వెబ్ పుటల శైలీవిన్యాసంలో ఉమ్మడి థీమ్ విలువలు: కుర్క్యాల శాసనం, గుంజాల గోండి లిపి ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు పరిశోధన నేడు ముద్రిత గ్రంథాలతో పాటు వెబ్ పుటల ద్వారానూ పాఠకులకు చేరుతున్నది. శాసనపాఠాలు, పద్యాలు, గిరిజన భాషల వాఙ్మయం తెరపై ఎలా కనిపించాలో నిర్ణయించేవి ఫాంటు, పంక్తి ఎత్తు, ఖాళీ, రంగు వంటి శైలీ విలువలు. ఈ విలువలను పుటలోని ప్రతి భాగంలోనూ విడివిడిగా అంకెలతో రాయడానికీ, ఒకచోట నిర్వచించి పేరుతో వాడుకోవడానికీ ఉన్న భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. కరీంనగర్ జిల్లాలోని కుర్క్యాల శాసనం, ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గోండి లిపి ఇందుకు ఉదాహరణలు. శైలీ విలువను లిపి స్వభావాన్ని బట్టి ఒకచోట నిర్ణయించాలనీ, పుటలోని భాగం ఆ విలువను పేరుతో మాత్రమే పిలవాలనీ నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: వెబ్ పుట, కాంపొనెంట్, థీమ్, ఇన్‌లైన్ శైలి, పంక్తి ఎత్తు, కుర్క్యాల శాసనం, కందపద్యం, గుంజాల గోండి, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కుర్క్యాల సమీపాన బొమ్మలగుట్టపై ఉన్న జినవల్లభుని శాసనం క్రీ.శ. 945 ప్రాంతానికి చెందినది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని సోదరుడు. సంస్కృతం, కన్నడం, తెలుగు అనే మూడు భాషలు ఈ శాసనంలో ఉన్నాయి. తెలుగు భాగంలోని మూడు కందపద్యాలు తెలుగు ఛందోచరిత్రలో విశిష్టస్థానం పొందాయి. భాషలు మూడైనా లిపి ఒకటే. కనుక శిల్పి ఉలి ఒకే తీరున సాగింది. అక్షరం పరిమాణం, పంక్తుల మధ్య ఎడం మూడు భాషలకూ సమానంగా సరిపోయాయి.

అదే శాసనాన్ని నేడు వెబ్ పుటలో ప్రకటించాలంటే పరిస్థితి వేరు. సంస్కృత భాగాన్ని నాగరిలోనూ, కన్నడ భాగాన్ని కన్నడ లిపిలోనూ, తెలుగు భాగాన్ని తెలుగు లిపిలోనూ, వివరణను ఆంగ్లంలోనూ ఇవ్వవలసి రావచ్చు. అంటే ఒకే పుటలో నాలుగు లిపులు, నాలుగు రకాల కొలతలు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన గోండి రాతప్రతుల విషయంలో ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది. ఆ లిపికి తగిన ఫాంటు అనేక పరికరాల్లో ముందుగా ఉండదు. పుట నిర్మాణంలో ఆ ఏర్పాటు చేయకపోతే పాఠకునికి అక్షరాల స్థానంలో ఖాళీ గడులు మాత్రమే కనిపిస్తాయి.

ఇది అలంకరణకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. తెలుగులో ఒత్తు అక్షరం కింద ఉంటుంది. పంక్తి ఎత్తు చాలక ఆ ఒత్తు తెగిపోతే 'కల్ల' అన్న పదం 'కల'గానూ, 'మొగ్గ' అన్న పదం 'మొగ'గానూ కనిపిస్తుంది. పాఠపరిష్కరణలో ఎంతో శ్రమించి నిర్ణయించిన పాఠం తెరపై అపపాఠంగా మారుతుంది. కాబట్టి శైలీ విలువల నిర్ణయం పాఠపరిష్కరణలో భాగమేనని గుర్తించవలసి ఉన్నది.

2. శైలిని రాసే మూడు పద్ధతులు:

వెబ్ పుటలో విషయం వేరు, రూపం వేరు అన్న ఆలోచనతో 1994 అక్టోబరులో హాకన్ వియుమ్ లీ స్టైల్‌షీట్ల ప్రతిపాదన చేశాడు. 1996 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సీఎస్‌ఎస్ మొదటి స్థాయిని ప్రమాణంగా ప్రకటించింది. దీని ప్రకారం పాఠ్యం ఒకచోట, దాని రూపాన్ని నిర్దేశించే నియమాలు మరొకచోట ఉంటాయి. ఇది మొదటి పద్ధతి. ఇందులోని సౌలభ్యం స్పష్టమే. ఒక నియమాన్ని మారిస్తే పుటలన్నీ మారతాయి. అయితే పుటలు పెరిగేకొద్దీ ఏ నియమం ఎక్కడ వర్తిస్తున్నదో తెలుసుకోవడం కష్టమవుతుంది. పాత నియమాన్ని తొలగిస్తే ఏ పుట చెడుతుందోనన్న సందేహంతో కొత్త నియమాలు చేరుతూ పోతాయి.

రెండవది ఇన్‌లైన్ పద్ధతి. పాఠ్యభాగానికి పక్కనే, ఆ భాగపు నిర్వచనంలోనే రంగును, కొలతను రాయడం. చదివేవారికి ఏ భాగానికి ఏ రూపమో వెంటనే తెలుస్తుంది. కానీ విలువలు నేరుగా అంకెల్లో ఉంటాయి. ఒక కార్డులో 14 పిక్సెళ్లు, మరొక కార్డులో 15 పిక్సెళ్లు అని వేర్వేరు వ్యక్తులు వేర్వేరు సమయాల్లో రాస్తారు. పైగా స్టైల్‌షీట్‌లోని సాధారణ నియమాల కంటే ఇన్‌లైన్ శైలికి ప్రాబల్యం ఎక్కువ. అందువల్ల తరువాత ఉమ్మడి నియమాన్ని సవరించినా ఇన్‌లైన్ అంకె మాత్రం అలాగే నిలిచిపోతుంది. మౌస్ ఆనించినప్పుడు రంగు మారాలని గానీ, చిన్న తెరపై అక్షరం తగ్గాలని గానీ హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని శైలి లక్షణంలో రాయడానికి వీలులేదు.

మూడవ పద్ధతి ఈ రెంటి సమన్వయం. 2013లో రియాక్ట్ విడుదలైన తరువాత పుటను బటన్, కార్డు, శీర్షిక, పట్టిక వంటి విడిభాగాలుగా నిర్మించే పద్ధతి విస్తరించింది. ఈ విడిభాగాలనే కాంపొనెంట్లు అంటారు. ఒక కాంపొనెంట్‌కు సంబంధించిన పాఠ్యం, ప్రవర్తన ఒకేచోట ఉన్నప్పుడు రూపం కూడా అక్కడే ఉండాలన్న వాదం బలపడింది. థీమ్ యూఐ, ఎమ్‌యూఐ వంటి లైబ్రరీలు ఇందుకోసం 'ఎస్‌ఎక్స్' అనే లక్షణాన్ని కల్పించాయి. ఇక్కడ శైలిని కాంపొనెంట్ పక్కనే రాస్తారు. అయితే రాసేది అంకె కాదు, థీమ్‌లో ముందే నిర్వచించిన పేరు. 'రంగు: ప్రధానం' అని రాస్తే ఆ ప్రధానవర్ణం ఏమిటో థీమ్ చెబుతుంది. ఎమ్‌యూఐలో ఖాళీకి '2' అని రాస్తే అది 2 పిక్సెళ్లు కాదు. థీమ్‌లోని మూలప్రమాణం 8 పిక్సెళ్లు కనుక, దానికి రెండింతలైన 16 పిక్సెళ్లు. చూడటానికి ఇన్‌లైన్‌గా ఉన్నా ఈ రాతను లైబ్రరీ స్టైల్‌షీట్ నియమంగా మారుస్తుంది. అందువల్ల తెర వెడల్పును బట్టి మారే విలువలు, మౌస్ ఆనించినప్పటి మార్పులు ఇందులో సాధ్యమవుతాయి.

3. సంజ్ఞ, గణం, థీమ్ విలువ:

ఒకచోట నిర్వచించి అంతటా పేరుతో వ్యవహరించడం తెలుగు శాస్త్రసంప్రదాయానికి కొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞాపరిచ్ఛేదంతో ప్రారంభమవుతుంది. ద్రుతప్రకృతికాలు, కళలు అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. సంధిసూత్రాలు ఆ పేర్లతోనే నడుస్తాయి. ఏయే పదాలు ద్రుతాంతాలో ప్రతిసూత్రంలోనూ మళ్లీ చెప్పనవసరం లేదు.

ఛందశ్శాస్త్రంలోనూ ఇదే పద్ధతి ఉన్నది. మల్లియ రేచన రచనగా ప్రసిద్ధమై, కొందరు వేములవాడ భీమకవికి ఆపాదించే కవిజనాశ్రయం తెలుగులో తొలినాటి ఛందోగ్రంథం. ఉత్పలమాల లక్షణం చెప్పడానికి ఇరవై అక్షరాల గురులఘువులను వరుసగా ఏకరువు పెట్టనవసరం లేదు. భ, ర, న, భ, భ, ర, వ అంటే చాలు. 'భ' అంటే గురువు, లఘువు, లఘువు అన్న నిర్వచనం వేరుగా ఉన్నది.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉన్నది. భగణం ఏ వృత్తంలోనైనా భగణమే. దాని విలువ మారదు. థీమ్ విలువ మారడానికే ఏర్పడినది. పగటి వెలుతురుకు ఒక థీమ్, రాత్రి చదువుకు ముదురు నేపథ్యం గల మరొక థీమ్ ఉండవచ్చు. 'ప్రధానం' అన్న పేరు రెండింటిలోనూ ఉంటుంది, దాని విలువ వేరు. అందుకే పేరును విలువ ఆధారంగా గాక ప్రయోజనం ఆధారంగా పెట్టాలి. 'ఎరుపు' అని పేరు పెట్టిన విలువ రేపు నారింజ అయితే ఆ పేరు అబద్ధమవుతుంది. 'హెచ్చరిక' అన్న పేరుకు ఆ దోషం రాదు.

వ్యాకరణంలోని ఉత్సర్గాపవాదన్యాయం కూడా ఇక్కడ వర్తిస్తుంది. థీమ్ ఉత్సర్గం. కాంపొనెంట్ పక్కన రాసే ప్రత్యేక విలువ అపవాదం. అపవాదం పరిమితంగా ఉన్నంతవరకే శాస్త్రం నిలుస్తుంది. ప్రతి ప్రయోగానికీ ఒక అపవాదం రాస్తే ఇక సూత్రంతో పని లేదు.

సీఎస్‌ఎస్ నియమాల ప్రకారం రచయిత కల్పించుకునే విలువల పేర్లు తెలుగు లిపిలోనే ఉండవచ్చు. 'పద్య-పంక్తి-ఎత్తు', 'శాసన-ఫాంటు' వంటి పేర్లను బ్రౌజర్ అంగీకరిస్తుంది. పరిభాషను సొంతభాషలో కల్పించుకునే అవకాశం తెలుగు పరిశోధకులకు ఈ రంగంలోనూ ఉన్నదన్నమాట.

4. ఆంగ్లపు కొలతల్లో తెలుగు అక్షరం:

ప్రసిద్ధ లైబ్రరీల్లో ముందుగా అమర్చి ఉన్న థీమ్ విలువలు రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినవి. ఎమ్‌యూఐ మూలథీమ్‌లో వచనానికి పంక్తి ఎత్తు 1.5. అంటే 16 పిక్సెళ్ల అక్షరానికి 24 పిక్సెళ్ల పంక్తి. పెద్ద శీర్షికలకు ఇది ఇంకా తక్కువ. నాలుగవ స్థాయి శీర్షికలో 34 పిక్సెళ్ల అక్షరానికి పంక్తి ఎత్తు 1.235, అంటే సుమారు 42 పిక్సెళ్లు. మొదటి స్థాయి శీర్షికకు 1.167 మాత్రమే.

రోమన్ అక్షరాలకు ఇది చాలును. తెలుగు అక్షరం పైకీ కిందికీ విస్తరిస్తుంది. 'శాస్త్రీయ' అన్న పదంలోని 'స్త్రీ' పైన గుడిదీర్ఘం, కింద త, ర ఒత్తులు ఉన్నాయి. ఇటువంటి పదం శీర్షిక మొదటి పంక్తిలో ఉండి, దాని కిందనే 'కీర్తి' వంటి పదం వస్తే పై పంక్తిలోని ఒత్తులు కింది పంక్తిలోని గుడిదీర్ఘాన్ని తాకుతాయి. బటన్లలో, చిన్న పట్టీల్లో 'హద్దు మించినది దాచు' అన్న నియమం ఉంటే ఒత్తు పూర్తిగా తెగిపోతుంది.

మూలథీమ్‌లోని మరికొన్ని విలువలు కూడా తెలుగుకు పొసగవు. బటన్‌లోని అక్షరాలను పెద్దబడికి మార్చే నియమం తెలుగులో నిష్ఫలం, తెలుగులో పెద్దబడి చిన్నబడి భేదం లేదు కనుక. అదే బటన్‌లోని అక్షరాల మధ్య అదనపు ఎడం మాత్రం తెలుగు పదాన్ని విడివిడి ముక్కలుగా చూపుతుంది. వాలు అక్షరాల సంప్రదాయం తెలుగుకు సహజం కాదు. వాలు రూపం లేని ఫాంటును బ్రౌజర్ కృత్రిమంగా పక్కకు వంచుతుంది. మండలి వంటి ఫాంటు ఒకే బరువులో లభిస్తుంది. దానికి బొద్దు రూపం కోరితే బ్రౌజర్ గీతలను కృత్రిమంగా లావు చేస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటులో వేర్వేరు బరువులు ఉన్నందున ఈ ఇబ్బంది లేదు. ఒకే పిక్సెల్ కొలతలో కూడా ఫాంటును బట్టి తెలుగు అక్షరం చిన్నదిగానో పెద్దదిగానో కనిపిస్తుంది. కాబట్టి ఫాంటును, పరిమాణాన్ని, పంక్తి ఎత్తును కలిపి ఒకే నిర్ణయంగా చూడాలి.

ఈ లోపాలు కనిపించినప్పుడు సాధారణంగా జరిగేది తక్షణ సవరణ. చెడిన శీర్షిక పక్కన పంక్తి ఎత్తును 1.6 అని రాస్తారు. మరో పుటలో మరొకరు 1.8 అని రాస్తారు. దోషం కనిపించినచోట మాత్రమే పోతుంది, కనిపించనిచోట మిగిలిపోతుంది. లోపం థీమ్‌లో ఉన్నప్పుడు సవరణ కూడా థీమ్‌లోనే జరగాలి.

5. కుర్క్యాల శాసనపుట: ఒక నమూనా:

కుర్క్యాల శాసనాన్ని ప్రకటించే పుటలో శీర్షిక, శాసనపాఠం, పద్యం, తాత్పర్యం, పాదసూచిక, తరువాతి పుటకు తీసుకువెళ్లే బటన్ అనే ఆరు కాంపొనెంట్లు ఉంటాయనుకొంటే, వీటికి అవసరమైన థీమ్ విలువలను ఈ విధంగా నిర్వచించవచ్చు:

• శీర్షిక: బొద్దు అక్షరం, పంక్తి ఎత్తు 1.5.
• వచనం: సాధారణ బరువు, పంక్తి ఎత్తు 1.75.
• పద్యం: పంక్తి ఎత్తు 1.9, ఎడమవైపు అమరిక, విరిగిన పాదానికి లోపలి జరుగు.
• శాసనపాఠం: మూలపంక్తుల విభజన యథాతథం, పరిష్కర్త పూరించిన అక్షరాలకు వేరు రంగు.
• పాదసూచిక: వచనం కంటే చిన్న అక్షరం, పంక్తి ఎత్తు మాత్రం వచనంతో సమానం.

ఇవి ఎంచుకున్న ఫాంటుతో పరీక్షించి ఖాయం చేసుకోవలసిన ఆరంభవిలువలు. 'స్త్రీ', 'ష్ట్ర', 'క్ష్మి' వంటి పైకీ కిందికీ విస్తరించే అక్షరాలున్న పదాలను వరుసగా రెండు పంక్తుల్లో పేర్చి చూస్తే విలువ చాలినదీ లేనిదీ తేలుతుంది.

పద్యానికి ప్రత్యేకవిలువ ఎందుకన్నది కందం నడకను బట్టి తెలుస్తుంది. కందంలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి గణాలు. చతుర్మాత్రాగణాలు కనుక చిన్న పాదానికి 12 మాత్రలు, పెద్ద పాదానికి 20 మాత్రలు. సెల్‌ఫోన్ తెరపై చిన్న పాదం ఒక పంక్తిలో ఇముడుతుంది, పెద్ద పాదం విరిగి రెండవ పంక్తిలోకి జారవచ్చు. విరిగిన భాగానికి లోపలి జరుగు లేకపోతే నాలుగు పాదాల పద్యం ఆరు పాదాల పద్యంగా కనిపిస్తుంది. పాదం ఎక్కడ మొదలయిందో తెలియనిచోట యతిప్రాసలను గుర్తించడమూ కష్టమే. ఈ జరుగును 'పద్యం' అన్న విలువలో ఒక్కసారి చేరిస్తే, ఆ పేరును పిలిచే ప్రతి కాంపొనెంట్‌లోనూ పద్యం పద్యంగానే నిలుస్తుంది. రెండు అంచులనూ సమం చేసే అమరిక కూడా పద్యానికి తగదు. దీర్ఘసమాసాలున్న తెలుగు పంక్తిలో పదాల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి.

పరిష్కర్త పూరించిన అక్షరాల రంగు కూడా పేరుతోనే ఉండాలి. ముదురు నేపథ్యం ఎంచుకున్నప్పుడు నేరుగా రాసిన ముదురు నీలం కనిపించకుండా పోతుంది. మూలం ఏదో పూరణ ఏదో పాఠకునికి తెలియదు. 'పూరణ' అన్న పేరుతో రంగును నిర్వచిస్తే ప్రతి నేపథ్యానికీ తగిన విలువ ఇవ్వవచ్చు. 2018లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం ప్రకారం సాధారణ పరిమాణంలోని అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. అదే ప్రమాణం పాఠకుడు పంక్తి ఎత్తును అక్షర పరిమాణానికి 1.5 రెట్లకు పెంచుకున్నా పాఠ్యం కోల్పోకూడదని నిర్దేశిస్తున్నది. ఎత్తును అంకెతో బిగించిన కాంపొనెంట్లు ఈ పరీక్షలో సులభంగా విఫలమవుతాయి.

6. గుంజాల గోండి: లిపిని బట్టి విలువ:

గుంజాలలోని రాతప్రతులు సుమారు 1750 ప్రాంతానివని పరిశోధకులు భావించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం కృషితో ఈ లిపి విద్యాలోకం దృష్టికి వచ్చింది. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండికి ప్రత్యేకస్థానం లభించింది. 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారాం రూపొందించిన మసారాం గోండి లిపి అంతకు ముందు సంవత్సరమే యూనికోడ్ 10.0లో చేరింది. గోండిని తెలుగు, దేవనాగరి లిపుల్లోనూ రాస్తున్నారు. అంటే ఒకే భాషకు నాలుగు లిపులు.

ఇటువంటి భాషకు శైలిని భాష పేరుతో మాత్రమే నిర్ణయించడం చాలదు. లిపి కూడా తెలియాలి. వెబ్ పుటలో ప్రతిభాగానికీ భాషాసంకేతంతో పాటు లిపిసంకేతాన్నీ చేర్చే వీలున్నది. ఆ సంకేతం ఆధారంగా 'వచన-ఫాంటు', 'వచన-పంక్తి-ఎత్తు' అన్న పేర్లకు ఆ భాగంలో వేరే విలువలు ఇవ్వవచ్చు. సీఎస్‌ఎస్‌లో ఇలా కల్పించుకున్న విలువలు బయటి భాగం నుండి లోపలి భాగాలకు సంక్రమిస్తాయి. అందువల్ల తెలుగు భాగంలో ఉన్న కార్డునే గోండి భాగంలో ఉంచితే, కార్డు నిర్మాణంలో ఒక్క అక్షరం మార్చకుండానే అది గోండి ఫాంటును, గోండికి తగిన పంక్తి ఎత్తును గ్రహిస్తుంది. కార్డు అడిగేది పేరును. విలువ చెప్పేది లిపి.

కార్డులోనే తెలుగు ఫాంటు పేరు, తెలుగుకు సరిపోయే అంకె రాసి ఉంటే ఈ మార్పు అసాధ్యం. గోండి కోసం మరొక కార్డు, కొలామీ పాఠ్యానికి ఇంకొకటి తయారుచేయాలి. వనరులు తక్కువగా ఉన్న భాషలకు ఆ అదనపు పని ఎప్పుడూ చివరికి మిగులుతుంది, తరచు మిగిలిపోతుంది. యూనికోడ్‌లో స్థానం దక్కిన లిపి కూడా ఆచరణలో పాఠకునికి చేరకపోవడానికి ఇదొక కారణం.

ఫాంటు సరఫరాలోనూ థీమ్ సహాయపడుతుంది. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంటు స్వేచ్ఛగా లభిస్తున్నది. ఏ యూనికోడ్ పరిధికి ఏ ఫాంటు అవసరమో ముందుగా ప్రకటిస్తే, పుటలో ఆ అక్షరాలు ఉన్నప్పుడు మాత్రమే బ్రౌజర్ ఆ ఫాంటును దించుకుంటుంది. నెట్‌వర్క్ బలహీనంగా ఉండే ఏజెన్సీ గ్రామాల పాఠకులకు ఇది ఉపయోగకరం.

7. పరిమితులు:

ఉమ్మడి విలువలు అన్ని సమస్యలకూ పరిష్కారం కావు. మొదటిది, పేరులో అక్షరదోషం దొర్లితే బ్రౌజర్ ఏ హెచ్చరికా చేయకుండా ఆ నియమాన్ని వదిలివేయవచ్చు. అందువల్ల పేర్ల పట్టికను ప్రూఫు చూసినంత శ్రద్ధగా సరిచూడాలి. రెండవది, 'ఎస్‌ఎక్స్' వంటి పద్ధతిలో శైలిని లెక్కించే పని పాఠకుని పరికరంలోనే జరుగుతుంది. ఒకే పుటలో వందల కాంపొనెంట్లు ఉంటే తక్కువ సామర్థ్యం గల ఫోన్లలో ఆలస్యం తెలియవచ్చు. ఎక్కువ పాఠ్యం, తక్కువ కదలిక గల పరిశోధన పుటలకు సీఎస్‌ఎస్‌లోని పేరుగల విలువలే చాలు. మూడవది, సమాచారాన్ని బట్టి క్షణక్షణం మారే విలువలకు, ఉదాహరణకు చదివిన భాగాన్ని చూపే గీత పొడవుకు, నేరుగా రాసే ఇన్‌లైన్ అంకే తగినది. దానిని థీమ్‌లో చేర్చడం వృథా. నాల్గవది, ప్రతి చిన్న భేదానికీ కొత్త పేరు కల్పిస్తే పేర్లే గుర్తుంచుకోలేనంతగా పెరుగుతాయి. రెండు మూడు చోట్ల అవసరమయ్యే విలువకే పేరు పెట్టడం మేలు.

8. ముగింపు:

• అంకెలను కాంపొనెంట్లలో చెదరగొట్టడం కంటే, థీమ్‌లో ఒకచోట నిర్వచించి కాంపొనెంట్ పక్కన పేరుతో వాడటం వల్ల పుటకు ఏకరూపత, సవరణకు సౌలభ్యం కలుగుతాయి.

• ఈ పద్ధతి వ్యాకరణంలోని సంజ్ఞకు, ఛందస్సులోని గణనామానికి సన్నిహితం. అయితే థీమ్ విలువ సందర్భాన్ని బట్టి మారుతుంది, పేరు మాత్రం స్థిరంగా ఉంటుంది.

• లైబ్రరీల మూలథీమ్‌లోని పంక్తి ఎత్తు, అక్షరాల ఎడం, పెద్దబడి నియమాలు తెలుగుకు పొసగవు. వాటిని థీమ్‌లోనే సవరించాలి.

• పద్యం, శాసనపాఠం, పూరణ వంటి సాహిత్యపరమైన భేదాలకు థీమ్‌లో పేర్లు ఉండాలి. ఏ పేర్లు అవసరమో చెప్పగలిగినవారు తెలుగు పరిశోధకులే. పుట నిర్మించేవారికి పాఠంతో పాటు ఈ పట్టికనూ అందించడం పరిష్కర్త బాధ్యత.

• గుంజాల గోండి వంటి లిపుల విషయంలో భాషాసంకేతం, లిపిసంకేతం, వాటికి అనుగుణమైన థీమ్ విలువలు ఉన్నప్పుడే యూనికోడ్‌లో దక్కిన స్థానం పాఠకుని తెరపై అక్షరంగా మారుతుంది.